ఒక్కదాన్నే ప్రాగ్ వెళ్లొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది రాజమండ్రి. జర్మనీలోని కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, వచ్చి ఎనిమిది నెలలైంది. మే నెలలో ఒక శుక్రవారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చేలా ముగ్గురం పక్కనే ఉన్న చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్దామనుకున్నాం. ఒకమ్మాయికి పరీక్ష పడింది, ఇంకొకమ్మాయికి పార్ట్‌టైమ్ పనిలో సెలవు దొరకలేదు. నాకేమో వెళ్లాలని ఉంది. కానీ ఇంతవరకు ఒంటరిగా రైలెక్కి కొత్త ఊరు వెళ్లింది లేదు. ఇండియాలో నాన్నో అన్నయ్యో ఎప్పుడూ తోడుండేవాళ్లు. కనెక్షన్ రైలు తప్పిపోతే? భాష రాని చోట దారి తప్పితే? రాత్రి భయమేస్తే? ఒక్కదాన్నే హోటల్లో కూర్చుని ఎలా తినాలి? గుడ్డు తింటాను గానీ మాంసం ముట్టను. ఇంట్లో చెబితే అమ్మ ఒప్పుకోదు. ఫ్రెండ్స్‌తోనే వెళ్తున్నానని చెప్పేద్దామా అనిపిస్తోంది. వెళ్లనా, మానేయనా?

సమాధానం: చెల్లీ, వెళ్లు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. "వెళ్లనా, మానేయనా" అని చివర్లో అడిగావు గానీ, అంతకు ముందు అడిగినవన్నీ వెళ్లడానికి సిద్ధమవుతున్న మనిషి అడిగే ప్రశ్నలే. మానేద్దామనుకున్నవాళ్లకు కనెక్షన్ రైలుతో పనేముంది?

నేను జర్మనీ వచ్చి చాలా ఏళ్లైంది. నేను మొదటిసారి ఒంటరిగా వెళ్లిన ఊరు కూడా ప్రాగే. 2009లో, బెర్లిన్ నుంచి వెళ్లాను. ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, భయం దారి పొడవునా ఉండదు. మారే చోట్ల కాచుకుని ఉంటుంది. రైలు మారే చోట, స్టేషన్ దాటి వీధిలోకి అడుగుపెట్టే చోట, డబ్బు మారే చోట, పొద్దుగూకి దీపాలు వెలిగే వేళ. ఆ నాలుగు చోట్ల ఏం చేయాలో ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకుంటే, మిగతా మూడు రోజులకు పెద్ద ప్లాన్ అక్కర్లేదు.

ముందు అమ్మ సంగతి. అబద్ధం చెప్పొద్దు. ఆ అబద్ధం వల్ల నీకే అపాయం. నీ ఫోన్ పోయిందనుకో. అమ్మ కంగారుపడి ఆ ఇద్దరమ్మాయిలకూ ఫోన్ చేస్తుంది, వాళ్లు కెమ్నిట్జ్‌లో ఉంటారు. అప్పుడు రాజమండ్రిలో మీ ఇంట్లో ఏమవుతుందో ఊహించుకో. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఎక్కడున్నారో ఒకరికైనా సరిగ్గా తెలిసి ఉండాలి. అబద్ధం చెప్పిన మరుక్షణం ఆ రక్షణ పోతుంది. పైగా "ముగ్గురూ కలిసి ఫోటో పెట్టండి" అని అమ్మ అడగకుండా ఉంటుందా?

"ఏం కాదులే అమ్మా" అంటే ఏ అమ్మకూ ధైర్యం రాదు. వివరాలు ఉంటే వస్తుంది. ఎక్కే రైలు నంబరు, చేరే టైము, హాస్టల్ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, కెమ్నిట్జ్‌లో నీ రూమ్మేట్ నంబరు అన్నీ ఒకే మెసేజ్‌లో తెలుగులో రాసి పెట్టు. మొదట అన్నయ్యకు చెప్పు, తర్వాత ఇద్దరూ కలిసి అమ్మకు చెప్పండి. ఫోన్ ఎప్పుడు చేస్తావో కూడా ముందే అనుకోండి. మే నెలలో మన ఊరు ఇక్కడికంటే మూడున్నర గంటలు ముందుంటుంది. నువ్వు రాత్రి తొమ్మిదికి చేద్దామనుకుంటే అమ్మ అర్ధరాత్రి పన్నెండున్నర దాకా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాలి. సాయంత్రం ఆరుకు చెయ్యి, అక్కడ తొమ్మిదిన్నర అవుతుంది, ఆవిడ భోంచేసి నిమ్మళంగా మాట్లాడుతుంది. ఇంకో మాట, లైవ్ లొకేషన్ అమ్మకు పెట్టకు, రూమ్మేట్‌కు పెట్టు. మెట్రో సొరంగంలో సిగ్నల్ పోయి ఆ చుక్క పది నిమిషాలు కదలకపోతే, ఏడువేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ఏమీ చేయలేక అల్లాడిపోతుంది. రూమ్మేట్ అయితే అవసరమైనప్పుడు నాలుగైదు గంటల్లో రైలెక్కి నీ దగ్గరికి రాగలదు.

ఒకవేళ అన్నీ చెప్పాక కూడా అమ్మ వద్దంటే? నువ్వు పెద్దదానివి, సొంతంగా చదువుకుంటున్నావు, నిర్ణయం నీది. కానీ చెప్పి వెళ్లు. "నువ్వు భయపడతావని తెలుసమ్మా, అయినా వెళ్తున్నాను, ఆరింటికి ఫోన్ చేస్తాను" అను. ఆ మాట అనడం రైలెక్కడం కంటే కష్టం, నాకు తెలుసు.

ఇక రైలు. కెమ్నిట్జ్ నుంచి డ్రెస్డెన్ ఒక గంట. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు యూరోసిటీ, అంటే దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్ రైలు, అది హాంబర్గ్, బెర్లిన్ వైపు నుంచి వస్తుంది, రెండున్నర గంటలలోపే చేరుస్తుంది. మన స్టూడెంట్లు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. యూనివర్సిటీ ఇచ్చే సెమిస్టర్ టికెట్టో, జర్మనీ అంతా లోకల్ రైళ్లలో తిరగనిచ్చే నెలవారీ డాయిచ్‌లాండ్‌టికెట్టో ఉంది కదా అని డ్రెస్డెన్ దాకా లోకల్ రైల్లో వెళ్లి, అక్కడి నుంచి ప్రాగ్‌కు మాత్రం చవక టికెట్ కొంటారు. ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. లోకల్ రైలు ఆలస్యమై యూరోసిటీ తప్పిపోతే, అవి రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి బాధ్యత నీదే అవుతుంది, డబ్బు పోతుంది. దీనికి రెండు దారులున్నాయి. కెమ్నిట్జ్ నుంచి ప్రాగ్ దాకా ఒకటే టికెట్ కొను. అప్పుడు మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి రైల్లో పంపించాల్సిన బాధ్యత రైల్వేది. చేరడం గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడిగే హక్కు యూరోపియన్ యూనియన్ నిబంధనల్లోనే ఉంది. లేదా పాత పద్ధతిలోనే వెళ్తానంటే, డ్రెస్డెన్‌కు ఒక రైలు ముందే వెళ్లిపో. అక్కడ గంట కూర్చోవడం వల్ల నష్టమేమీ లేదు. రైలుకు గంట ముందే స్టేషన్‌కు చేరే మన ఇంటి అలవాటును ఇక్కడివాళ్లు వింతగా చూస్తారు, కానీ ఒంటరి ప్రయాణంలో అది మంచి అలవాటు.

డ్రెస్డెన్ అని పేరున్న స్టేషన్లు కూడా ఒకటి కాదు. నువ్వు మారాల్సింది హౌప్ట్‌బాన్‌హోఫ్‌లో, అంటే మెయిన్ స్టేషన్‌లో, నాయ్‌స్టాట్ అనే స్టేషన్‌లో కాదు. ప్లాట్‌ఫామ్ మీద ఎ, బి, సి, డి అని అక్షరాలు వేలాడుతుంటాయి. నీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్‌లోనూ ప్లాట్‌ఫామ్ బోర్డు మీదా చూపిస్తారు, అక్కడే నిలబడు. రైలు ఆగాక తలుపు దానంతటదే తెరుచుకోకపోతే బటన్ నొక్కు. ఈ రైల్లో సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు గానీ, మే నెల వీకెండ్‌లో చేయించుకోవడమే మంచిది. నిలబడి వెళ్లాల్సి వస్తుందేమో అన్న టెన్షన్ ఒకటి తగ్గుతుంది. టికెట్ చెకింగ్ రైలు కదిలాకే. అడిగితే ఫోన్‌లో టికెట్ చూపించు, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకో.

రిజర్వేషన్ చేయించుకునేటప్పుడు వెళ్లే దిశలో ఎడమవైపు కిటికీ తీసుకో. పిర్నా దాటాక రైలు ఎల్బే నది ఒడ్డునే పోతుంది, నీళ్లు నీ కిటికీ కింది నుంచే పారుతున్నట్టు ఉంటాయి. రాటెన్ దగ్గర నదికి అవతల ఇసుకరాతి స్తంభాలు నిట్టనిలువుగా లేస్తాయి, ఆ ప్రాంతాన్ని సాక్సన్ స్విట్జర్లాండ్ అంటారు. నువ్వు రాజమండ్రి పిల్లవి, పాపికొండలు చూసే ఉంటావు. నది కొండల్ని కోసుకుంటూ పోయే ఆ తీరు చూడగానే నీకు అవే గుర్తొస్తాయి. సరిహద్దు దాటాక అదే నది పేరు లాబే. పేరు మారుతుంది, నీళ్లు మాత్రం మారవు. ఊస్తీ దగ్గర ఎదుటి ఒడ్డున రాతి గుట్ట మీద ఒక పాత కోట కనిపిస్తుంది. ఆ తర్వాత కాసేపటికి లాబేను వదిలి, దాని ఉపనది వల్తావాను పట్టుకుని రైలు ప్రాగ్‌లోకి వెళ్తుంది. ఈ రెండున్నర గంటలు ఫోన్ చూస్తూ గడిపేస్తే ప్రయాణంలో సగం పోగొట్టుకున్నట్టే. పులిహోర చేసుకుని డబ్బాలో పెట్టుకెళ్లు. కిటికీ పక్కన కూర్చుని పులిహోర తింటూ నది చూడటం ఎలా ఉంటుందో గోదావరి దాటే రైళ్లలో పెరిగిన నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు దిగడం. నేను తప్పు చేసింది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తాను. ప్రాగ్‌ను చెక్ భాషలో ప్రాహా అంటారు. 2009లో కిటికీలోంచి "ప్రాహా" అన్న అక్షరాలు కనబడగానే బ్యాగు లాక్కుని దిగేశాను. రైలు వెళ్లిపోయింది. చూస్తే అది హోలెషోవిత్సే అనే వేరే స్టేషన్. నా చేతిలోని కాగితం మీద గీసుకున్న దారికీ, బయట కనిపిస్తున్న వీధికీ పొంతనే లేదు. అప్పట్లో నా ఫోన్‌లో మ్యాప్ కూడా లేదు. ఇరవై నిమిషాలు ఆ స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడిపోయాను, గొంతు ఎండిపోయింది. చివరికి గోడ మీద మెట్రో మ్యాప్ కనిపించింది. నేను వెళ్లాల్సిన స్టేషన్ అదే ఎర్ర లైను మీద మూడు స్టాపుల దూరంలో ఉంది. అంతే. అంత చిన్న తప్పుకు అంత భయం ఎందుకు పట్టుకుందంటే, దిగిన తర్వాత ఏం చేయాలో నేను ఒక్క దారే అనుకుని వచ్చాను. ఆ దారి తప్పగానే చేతిలో ఏమీ మిగల్లేదు.

నువ్వు దిగాల్సిన స్టేషన్ పేరు ప్రాహా హ్లవ్నీ నాద్రజీ, అంటే మెయిన్ స్టేషన్. చాలా రైళ్లు ముందు హోలెషోవిత్సేలో ఆగుతాయి, మెయిన్ స్టేషన్ దాని తర్వాతిది. ఒకవేళ నాలాగే ముందే దిగిపోయినా కంగారు వద్దు, ఎర్ర రంగు సి లైను ఎక్కితే మూడో స్టాపు నీదే.

ఆ మొదటి గంటను మాత్రం నిమిషాలతో సహా సిద్ధం చేసుకో. గది వినోహ్రాడీ పేటలో, నామ్యెస్తీ మీరు అనే మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలో తీసుకోమని నా సలహా. పాత పట్నం నడిబొడ్డున రాత్రి తాగి అరిచే గుంపులు ఉంటాయి, వినోహ్రాడీ మాత్రం ఊరివాళ్లు కాపురముండే చెట్ల వీధులు. స్టేషన్ పేరు కూడా మరిచిపోలేవు. "మీరు" అన్న మాట చెక్‌లో శాంతికి సంబంధించింది, శాంతి చౌక్ అని అర్థం. మెయిన్ స్టేషన్ నుంచి దారి ఇలా: సి లైనులో హాయె వైపు ఒక్క స్టాపు, ముజేఉమ్ దగ్గర దిగు. అక్కడ ఆకుపచ్చ ఎ లైనుకు మారి, డెపో హోస్తివార్ష్ వైపు మళ్లీ ఒక్క స్టాపు. పైకి వచ్చే ఎస్కలేటర్ చూసి జడుసుకోకు. 87 మీటర్ల పొడవు, యూరోపియన్ యూనియన్‌లోనే అతి పొడవైనది. కుడివైపు నిలబడు, ఎడమవైపు నడిచేవాళ్లకు వదిలెయ్యాలి.

మెట్రో టికెట్ మెషీన్లో కార్డుతో కొనుక్కోవచ్చు. కాగితం టికెట్ అయితే మెట్రోలోకి దిగే ముందు పసుపు రంగు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, అప్పుడే దానికి ప్రాణం వచ్చినట్టు. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాల్సిందే. గేట్లు ఉండవు, మామూలు బట్టల్లో ఉన్న ఇన్‌స్పెక్టర్ వచ్చి బ్యాడ్జి చూపించి అడుగుతాడు. 24 గంటల టికెట్ తీసుకో, గడువు అయిపోతే ఇంకొకటి కొనుక్కో. అదే టికెట్ మీద మెట్రో, ట్రామ్, బస్సు అన్నీ ఎక్కొచ్చు. ఏదైనా స్టేషన్ రిపేరులో ఉందేమో బయల్దేరే ముందు రోజు రాత్రి చూసుకో. ఈ దారంతా కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో, ఫోన్‌లో ప్రాగ్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకో. నీ జర్మన్ సిమ్ చెక్‌లో కూడా అదనపు ఛార్జీ లేకుండా పనిచేస్తుంది. 2017 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అదే పద్ధతి. అయినా బ్యాటరీ అయిపోయినప్పుడు ఆదుకునేది కాగితమే.

డబ్బు గురించి. చెక్‌లో యూరో లేదు, కొరునా ఉంది. ఒక యూరోకు ఇరవై నాలుగు, ఇరవై ఐదు కొరునాల దాకా వస్తాయి. దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది కాబట్టి కొద్దిగా నగదు చాలు. కార్డు మెషీన్ గానీ ఏటీఎమ్ గానీ "యూరోల్లో తీసుకోమంటారా, కొరునాల్లోనా" అని అడిగితే ప్రతిసారీ కొరునాలే నొక్కు. యూరో అని నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు. వీధిలో ఎవరైనా దగ్గరికొచ్చి మంచి రేటుకు డబ్బు మారుస్తానంటే ఆగకుండా నడిచిపో. చెల్లని వేరే దేశపు నోట్లు చేతిలో పెట్టి పోయే మోసం ప్రాగ్‌లో పాతదే. మారక దుకాణంలో మోసపోయినట్టు అనిపిస్తే రసీదు పారేయకు. వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి అక్కడి చట్టంలో ఉంది. ఇది తెలియక ఎంతోమంది ఊరుకుండిపోతారు.

భాష గురించి భయపడకు. టూరిస్టులు తిరిగేచోట ఇంగ్లీషు సరిపోతుంది. కానీ మెట్రోలో తలుపులు మూసే ముందు వచ్చే ప్రకటన ఒకసారి చెవి పెట్టి విను. "ద్వెర్జే సే జవీరాయీ" అంటారు, తలుపులు మూసుకుంటున్నాయని. ఆ ద్వెర్జే మన ద్వారానికి చుట్టమే. చెక్‌కూ సంస్కృతానికీ దూరపు బంధుత్వం ఉంది, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు కొన్ని అక్కడ వేరే వేషంలో పలకరిస్తాయి. మూడును "త్ర్షి" అంటారు. మాంసాన్ని "మసో" అంటారు. నీకు మూడు రోజులూ పనికొచ్చే మాట దాన్నుంచే వచ్చింది: "బెజ్ మసా", మాంసం లేకుండా అని. లోపలికి వెళ్లగానే "దోబ్రీ దెన్" అని పలకరించి, తర్వాత ఇంగ్లీషులో అడుగు. ఎదుటి మనిషి ముఖం కాస్త మెత్తబడుతుంది.

తిండికి ఇబ్బంది లేదు గానీ, అడిగి తినాలి. కూరగాయల సూపు అని రాసినా మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. వేయించిన చీజ్, "స్మజెనీ సీర్" అంటారు, ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది. బంగాళాదుంప తురుముతో వేసే "బ్రంబోరాక్" మన అట్టు లాంటిదే, కొన్నిచోట్ల అందులో మాంసం ముక్కలు కలుపుతారు కాబట్టి బెజ్ మసా అని అడుగు. ఒక్కదానివే కూర్చుని తినడం ఇబ్బంది అన్నావు. మన దగ్గర ఆడపిల్ల ఒంటరిగా హోటల్లో కూర్చుంటే పక్క టేబుల్ వాళ్లు చూస్తారు, ఆ చూపు గుర్తొచ్చే కదా నీకీ బెరుకు. ప్రాగ్‌లో మధ్యాహ్నం ఆఫీసుల నుంచి ఒక్కొక్కరే వచ్చి, తిని, వెళ్లిపోతుంటారు. శుక్రవారం పదకొండు నుంచి రెండు లోపు వెళితే ఆ రోజు లంచ్ మెనూ తక్కువ ధరకు దొరుకుతుంది, నీ చుట్టూ సగం మంది ఒంటరిగానే తింటుంటారు. పెద్ద భోజనం మధ్యాహ్నమే చేసెయ్యి. రాత్రికి బేకరీ రొట్టె, పళ్లు, పెరుగు తెచ్చుకుని హాస్టల్ వంటగదిలో తిను. ఆ వంటగదుల్లో నీలాగే ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు కనిపిస్తారు.

హాస్టల్‌లో ఆడవాళ్లకు మాత్రమే ఉండే గది అడుగు. రిసెప్షన్ రోజంతా తెరిచి ఉంటుందో లేదో చూసుకుని బుక్ చెయ్యి. లాకర్‌కు తాళం నీదే తీసుకెళ్లు. చక్రాల సూట్‌కేస్ వద్దు, ప్రాగ్ వీధులన్నీ రాళ్లు పరిచినవే. భుజానికి తగిలించుకునే బ్యాగు, అరిగిన అలవాటు చెప్పులో బూట్లో చాలు.

ఏం చూడాలి అని నువ్వు అడగలేదు. అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. శనివారం పొద్దున్నే లేచి చార్లెస్ బ్రిడ్జికి వెళ్లు. మే నెలలో ఐదింటికల్లా వెలుగొస్తుంది, ఆరు లోపు అక్కడుండేలా చూసుకో. పదింటికి ఆ వంతెన మీద భుజానికి భుజం రాసుకునే జనం, ఆరింటికి ముప్ఫై విగ్రహాలు, నది, పొగమంచు, ఇద్దరు ముగ్గురు మనుషులు. అప్పటి రాజు నాలుగో చార్లెస్ దానికి శంకుస్థాపన చేసింది 1357వ సంవత్సరంలో. తొమ్మిదో తేదీ, ఏడో నెల, తెల్లవారి 5 గంటల 31 నిమిషాలకు అని చెప్పుకుంటారు. ఆ అంకెలు వరసగా రాసి చూడు: 1 3 5 7 9 7 5 3 1. ఎటు నుంచి చదివినా ఒకటే. ముహూర్తం పెట్టి పని మొదలుపెట్టే మనవాళ్లకు ఈ కథ చెబితే ఎంత సంతోషిస్తారో. ఆ రోజు ఆరింటికి అమ్మతో మాట్లాడేటప్పుడు ఇదే చెప్పు.

తర్వాత 22 నంబరు ట్రామ్ ఎక్కి కోటకు వెళ్లు. అది నామ్యెస్తీ మీరు నుంచే వెళ్తుంది, మలోస్త్రాన్స్కా మీదుగా కొండెక్కి కోట దగ్గర దింపుతుంది. పగటిపూట ఆ ట్రామ్‌లో జేబుదొంగలు ఎక్కువ, బ్యాగు ముందుకు వేసుకో. కోటలోని సెయింట్ వీటస్ కెథెడ్రల్‌ను 1344లో మొదలుపెడితే పూర్తయింది 1929లో. లోపల రంగు అద్దాల కిటికీల కింద కాసేపు ఊరికే కూర్చో. పాత పట్నంలో 1410 నాటి గడియారం గంట కొట్టేటప్పుడు పైనున్న చిన్న కిటికీల్లో బొమ్మలు తిరుగుతాయి, ఒకసారి చూడు. ఆ గుంపులోనూ బ్యాగు జాగ్రత్త. ఇంకేమీ చూడకపోయినా ఫర్వాలేదు. నేను మొదటి రోజు పదకొండు చోట్లు తిరిగాను, ఇప్పుడు వాటిలో సగం పేర్లు కూడా గుర్తులేవు. ఆ రాత్రి ట్రామ్ మాత్రం గుర్తుంది.

ఆ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నువ్వు రాత్రి భయం గురించి అడిగావు. నాకు వచ్చింది భయం కాదు, దిగులు. సాయంత్రం ఆరు ఏడు మధ్య నది గట్టున కూర్చున్నాను. అందరూ జంటలు జంటలుగా, గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ పోతున్నారు. గదికి వెళ్లబుద్ధి కాలేదు, అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఎందుకొచ్చానా అని ఏడుపొచ్చింది. చేతిలో 24 గంటల టికెట్ ఉంది కదా అని వచ్చిన 22 నంబరు ట్రామ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చివరి స్టాపు దాకా వెళ్లి, అదే ట్రామ్ తిరుగుదారిలో వెనక్కి వచ్చాను. కొండ మీద కోట దీపాలు వెలిగాయి, కింద నది నల్లబడింది, కూరగాయల సంచులతో ఇళ్లకు పోయేవాళ్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. గంటసేపు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ ఊరు నాకు దగ్గరైంది అప్పుడే.

నీకూ ఆ వేళ దిగులు రావచ్చు. వస్తే తప్పేదో చేశానని అనుకోకు. చీకటి పడే గంటకు ముందే ఒక పని పెట్టుకో. చర్చిల్లో సాయంత్రం పూట సంగీత కచేరీలు జరుగుతుంటాయి, వాటికి ఒంటరిగా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. లేదా లెట్నా పార్కు గట్టు ఎక్కి వంతెనలన్నీ వరసగా కనిపించే చోట కూర్చుని, వెలుతురు ఉండగానే దిగు. లేదా ట్రామ్ ఎక్కు. పది తర్వాత పాత పట్నం సందుల్లో తాగినవాళ్ల గుంపులు కనిపిస్తే మర్యాద కోసం ఆగి జవాబు చెప్పకు, దీపాలున్న పెద్ద వీధికి వచ్చెయ్. మెట్రో అర్ధరాత్రి దాకా ఉంటుంది, తర్వాత తొంభై అంకెల నంబర్లతో రాత్రి ట్రామ్‌లు నడుస్తాయి. ఏ ఆపదకైనా 112, యూరోపియన్ యూనియన్ అంతటా అదే నంబరు. ప్రాగ్‌లో మన భారత రాయబార కార్యాలయం ఉంది, దాని నంబరు ఫోన్‌లోనూ కాగితం మీదా రాసుకో. నీకు జర్మన్ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, అత్యవసర వైద్యానికి చెక్‌లో కూడా పనికొస్తుంది. తీసుకెళ్లడం మరిచిపోకు.

చివరిగా కాగితాలు, ఇక్కడ మాత్రం ఏ మాత్రం అలసత్వం వద్దు. జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ కార్డు, పాస్‌పోర్ట్ రెండూ ఉంటేనే వేరే షెంజెన్ దేశానికి, అంటే ఒకే వీసా పద్ధతి పాటించే యూరప్ దేశాల్లో మరోదానికి, వెళ్లాలి. రెండూ ఉంటే 180 రోజుల్లో 90 రోజుల దాకా వేరే వీసా లేకుండా తిరగొచ్చు, చెక్ 2007 డిసెంబర్ నుంచి షెంజెన్‌లో ఉంది. కాలేజీ ఐడీతో సరిపెట్టుకుందామని అనుకోకు. ఒకవేళ నీ కార్డు ఇంకా చేతికి రాకుండా, ఆఫీసు ఇచ్చిన తాత్కాలిక కాగితమే ఉంటే, దాంతో సరిహద్దు దాటొచ్చో లేదో ఆ ఆఫీసులోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే టికెట్ కొను. రెండింటి ఫోటోలూ నీ మెయిల్‌లో పెట్టుకో, అన్నయ్యకూ పంపు.

వెళ్లేటప్పుడు నిన్ను ఎవరూ ఏమీ అడగకపోవచ్చు. వచ్చేటప్పుడు అడుగుతారు. చెక్ సరిహద్దులో జర్మనీ 2023 అక్టోబర్‌లో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది, సరిహద్దు దాటగానే జర్మన్ పోలీసులు రైలెక్కి వరసగా చూసుకుంటూ వస్తారు. యూనిఫాం చూసి గుండె దడదడలాడనక్కర్లేదు. పాస్‌పోర్ట్, కార్డు కలిపి ఇచ్చి, ఎక్కడ చదువుతున్నావో అడిగితే చెప్పు, రెండు నిమిషాల పని. ఆ రెండూ బ్యాగు అడుగున బట్టల కింద కాకుండా చేతికి అందేలా పెట్టుకో. తిరిగొచ్చేటప్పుడు నది కుడివైపు కిటికీలో ఉంటుంది, సీటు అటే తీసుకో.